సమస్యాపూరణం: చచ్చినట్టివాఁడె సాక్షి యయ్యె

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ‘చ’కు ‘సా’ యతి సరిపోయింది.

చచ్చినట్టివాఁడె సాక్షి యయ్యె

విషయం డిటెక్టివ్ కొలంబో టీవీ సీరియల్లోని ‘మర్డర్ బై ది బుక్’ అనే భాగం. 1971 సెప్టెంబర్ 15న అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో వచ్చింది. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, అప్పటికి 24 ఏళ్లవాడు. కెన్ ఫ్రాంక్లిన్, జిమ్ ఫెరిస్ కలిసి డిటెక్టివ్ నవలలు రాస్తారని పేరు. నిజానికి రాసేది జిమ్ ఒక్కడే. మొదట్లో మనకు వినిపించేది టైపు మిషన్ చప్పుడే: బయట కెన్ కారు వస్తుంటుంది, లోపల జిమ్ టైపు కొడుతుంటాడు. ఎవరు పనివాడో అక్కడే తెలిసిపోతుంది. జిమ్ విడిపోతాననగానే కెన్ అతన్ని సరస్సు దగ్గరి కాటేజీకి తీసుకెళ్లి, భార్యకు ఫోన్ చేయించి, మాట్లాడుతుండగానే కాల్చేస్తాడు. హంతకుడెవరో మనకు ముందే తెలుసు. ఎలా దొరుకుతాడన్నదే కథ.

పూరణ 1:
తానె చెప్పినట్టి తంత్రమ్ము నేస్తుండు
చిట్టి కాగితమునఁ జేర్చి యుంచ,
చూడఁ జూడఁ బట్టి చూపెఁ గొలంబోయె;
చచ్చినట్టివాఁడె సాక్షి యయ్యె.

నిర్వాహకులు:
కొలంబో పేరును రెండు గణాల మధ్య విరిచి ఇమిడ్చిన తీరు బాగుంది. మూడో పాదం నడక నాకు చాలా నచ్చింది. కానీ ‘తానె’ అంటే ఎవరు? పద్యంలో హంతకుడు ఎక్కడా లేడు. పైగా అది ఉత్త తంత్రం కాదు. ఎప్పుడో కెన్ నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క మంచి కథాంశం. ఆ ఊహను జిమ్ కాగితం మీద రాసి పెట్టుకున్నాడు, దాంతోనే కెన్ అతన్ని చంపాడు. మొదటి పాదం ఇలా మార్చి చూడండి:

ఖలుఁడు చెప్పినట్టి కల్పన నేస్తుండు

పూరణ 1 రాసినవారు:
‘కల్పన’ అన్న మాట నాకు తట్టనే లేదు మాస్టారూ. మార్చేశాను.

పూరణ 2:
ఇంటి యాలితోడ నింపుగాఁ బల్కుచు
గుండు తగిలి నేలఁ గూలె జిమ్ము;
విన్న చప్పుడొకటె వీనుల నిలువంగ
చచ్చినట్టివాఁడె సాక్షి యయ్యె.

నిర్వాహకులు:
మూడో పాదం చదివితే గుండె పట్టేసింది తల్లీ. కొలంబో వంటింట్లోకి వెళ్లి జిమ్ భార్య జోఆనాకు ఆమ్లెట్ వేసిపెట్టే దృశ్యం గుర్తొచ్చింది. అయితే ఇక్కడ చప్పుడు విన్నది ఆమె, కాబట్టి సాక్షి కూడా ఆమే. సమస్య విడలేదు.

ఇంకొకటి. ఆ ఫోన్లో జిమ్ ఏమన్నాడు? ఆఫీసులో ఉన్నానన్నాడు, కాటేజీ నుంచి. ఆ అబద్ధం వల్లే హత్య ఆఫీసులో జరిగిందని అందరూ నమ్మారు. అంటే చచ్చినవాడు మొదట హంతకుడి పక్షాన సాక్ష్యం చెప్పాడు. కాగితం బయటపడ్డాకే ఎదురు తిరిగాడు. ఈ మెలిక పట్టుకోండి.

పూరణ 3:
లిల్లి మీద ప్రయత్నించాను. మొదటి పాదం మాత్రం ఇస్తున్నా, తప్పులుంటే చెప్పండి.
చెరువు కడను కొట్టు నడుపు లిల్లి చూచి

నిర్వాహకులు:
‘చె’కు ‘న’ యతి కుదరదు తమ్ముడూ. చివర ‘ల్లి చూచి’ జగణం, ఇంద్రగణం కాదు. ‘చెరువు చెంతఁ గొట్టు సేయు లిల్లియుఁ జూచె’ అంటే రెండూ సరిపోతాయి. కానీ కెన్ కారులో జిమ్‌ను చూసి, ఆ సంగతి దాచడానికి కెన్‌ను 15,000 డాలర్లు అడిగి, ప్రాణం పోగొట్టుకున్నది ఆడమనిషి. ‘వాఁడె’ అన్న పాదం ఆమెకు నప్పదు. ఆమెకు వేరే పద్యం రాయి, తప్పకుండా చదువుతాను.

పూరణ 2 రాసినవారు:
మీరన్న మెలికతో మళ్లీ రాశాను మాస్టారూ. చప్పుడు పాదం వదులుకోవడానికి మనసొప్పలేదు, అయినా వదిలేశాను.

ఆఫిసందు నుంటి నని యాలితోఁ బల్కి
గుండు తగిలి నేలఁ గూలె జిమ్ము;
హంతకునకె మొదట నాధారమై నిల్చి
చచ్చినట్టివాఁడె సాక్షి యయ్యె.

నిర్వాహకులు:
‘మొదట’ అన్న ఒక్క మాటలో కథంతా వచ్చింది. ‘హ’కు ‘ఆ’ యతి కూడా చక్కగా పడింది. ఆ చప్పుడు పాదం మాత్రం పారేయకమ్మా, జోఆనా మీద ఇంకో పద్యానికి పనికొస్తుంది.