60 సెంటీమీటర్ల చేపల తొట్టికి ఏ ఫిల్టర్? స్పాంజా, హ్యాంగానా, క్యానిస్టరా?

నీలిగప్పీ:
రెండు వారాలుగా ఈ ఒక్క విషయం మీదే తర్జనభర్జన పడుతున్నాను. తొట్టి పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 36. లెక్కకు 65 లీటర్లు వస్తుంది కానీ ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను 55 లీటర్ల నీళ్లు పడతాయి. ఎనిమిది గప్పీలు, ఆరు కోరీడోరస్ చేపలు, కాసిని మొక్కలు పెట్టాలని కోరిక. స్పాంజ్ ఫిల్టర్ చాలని ఒకరు అంటే, తొట్టి బయట డబ్బాలా ఉండే క్యానిస్టర్ లేకుండా తొట్టి పెట్టవద్దని మరొకరు అంటున్నారు. ఏది కొన్నా ఏళ్ల తరబడి దానితోనే ఉండాలి. దయచేసి కారణాలతో సహా చెప్పండి.

పచ్చనాచు:
స్పాంజ్. మరో ఆలోచనే వద్దు. పంపు పంపే గాలి బుడగలై గొట్టంలో పైకి పోతూ తమతో పాటు నీటిని లాక్కెళతాయి. ఆ నీరు స్పాంజ్ గుండానే రావాలి. తొట్టిలో మోటారు ఉండదు, తిరిగే భాగమే ఉండదు. పాడైతే బయట ఉండే పంపులోని రబ్బరు పొర పాడవుతుంది, అంతే. పైగా చేపపిల్లలను లోపలికి లాగదు. గప్పీలు పెంచబోయేవారికి ఇది చిన్న విషయం కాదని నెల తిరిగేసరికి మీకే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పంపును నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేదా గాలి గొట్టానికి చెక్ వాల్వ్ వేయండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టి నీరు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులోకి దిగుతుంది.

తేటనీరు:
పచ్చనాచు గారు చెప్పినవి నిజాలే, కానీ కొన్ని చెప్పలేదు. కోరీలు రోజంతా ఇసుకను కెలుకుతూనే ఉంటాయి. అలా పైకి లేచిన నలుసులను పట్టుకునేంత లాగుడు గాలి బుడగలకు ఉండదు. స్పాంజ్‌ను కడగడానికి బయటికి తీస్తుంటే పట్టిన మురికిలో సగం తొట్టిలోనే రాలిపోతుంది. నేను తొట్టి వెనక అంచుకు తగిలించే హ్యాంగాన్ ఫిల్టరే వాడతాను. మూత ఎత్తి, లోపలి స్పాంజ్ ముక్క తీసి పిండి, మళ్లీ పెట్టేస్తాను. చేయి తొట్టిలో పెట్టే పనే లేదు.

దానితో పాటు వచ్చే, బొగ్గు నింపిన కార్ట్రిడ్జ్‌ను నెలకోసారి పారేయమని పెట్టె మీద రాస్తారు. ఆ మాట వినకండి. అందులోని బొగ్గు కొన్ని వారాలకే పని మానేస్తుంది, అది నిజమే. చేపలకు మందు వేశాక ఆ మందును నీటిలోంచి తీయడానికి తప్ప మామూలు రోజుల్లో బొగ్గు అవసరం పెద్దగా ఉండదు. ఆ స్థానంలో ఒక స్పాంజ్ ముక్క, గుప్పెడు సిరామిక్ రింగులు వేసుకుంటే ఏళ్లు గడిచిపోతాయి.

లోతునీరు:
నా దగ్గర 200 లీటర్ల తొట్టిలో నాలుగు గోల్డ్‌ఫిష్ ఉన్నాయి. క్యానిస్టర్ తప్ప వేరే దేనితోనూ నెట్టుకురాలేకపోయాను. మీడియా, అంటే నీటిని శుద్ధి చేసే బ్యాక్టీరియా అంటిపెట్టుకుని ఉండే స్పాంజ్, రింగుల వంటివి, పట్టే చోటు హ్యాంగాన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. శబ్దం ఉండదు, తొట్టి లోపల ఏమీ కనబడదు. మీ తొట్టికి చిన్న క్యానిస్టర్ వేస్తే రేపు పెద్ద తొట్టికి మారినా పనికొస్తుంది.

పచ్చనాచు:
లోతునీరు గారూ, కరెంటు ఏడెనిమిది గంటలు పోయినప్పుడు మీ క్యానిస్టర్ సంగతేమిటి? అది మూత బిగించిన డబ్బా. లోపలి బ్యాక్టీరియా అందులోని ప్రాణవాయువును కొద్ది గంటల్లోనే వాడేసి, ఆపై చావడం మొదలుపెడుతుంది. కరెంటు రాగానే ఆ మురుగు నీరంతా నేరుగా చేపల మీదకే వస్తుంది. స్పాంజ్ అయితే తొట్టి నీటిలోనే ఉంటుంది కాబట్టి చాలాసేపు తట్టుకుంటుంది.

లోతునీరు:
ఆ ప్రమాదం ఉందని ఒప్పుకుంటాను. ఒకసారి రాత్రంతా ఆగిపోయిన డబ్బా తెరిస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చింది. అదృష్టం కొద్దీ ముందే ప్లగ్గు తీసి ఉంచాను. అప్పటి నుంచి రెండు గంటలు దాటి ఆగితే డబ్బా తెరిచి, ఆ నీరు పారబోసి, మీడియాను తొట్టి నీటితో కడిగాకే మళ్లీ నడుపుతున్నాను. ఇంట్లో ఎవరూ లేని వేళ ఆగితే ఎలా అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

పాతతొట్టి:
చర్చ అంతా నలుసుల చుట్టూ, నీటి తేటదనం చుట్టూ తిరుగుతోంది. నలుసుల వల్ల చేపలు చావడం నేను చూడలేదు. అమ్మోనియా వల్ల చావడం చూశాను, అది కంటికి కనబడదు. చేపలు మొప్పల ద్వారా వదిలే అమ్మోనియాను బ్యాక్టీరియా మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండు మెట్లకు రెండు వేర్వేరు జాతులు కావాలనే చాలాకాలం అనుకున్నారు. నైట్రోస్పైరాలో కొన్ని రెండు పనులూ ఒంటరిగా చేయగలవని 2015లో తేలింది. ఏ జాతి అయినా ఇవి నీటిలో తేలుతూ బతకడం తక్కువ, ఏదో ఒక ఉపరితలాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. ఫిల్టర్ అంటే ప్రధానంగా వాటికి మనం ఇచ్చే ఇల్లు. ఆ ఇంటికి ప్రాణవాయువు ఉన్న నీరు ఆగకుండా అందాలి.

ఇది నాకు మొదటి ఏడాదిలోనే తెలిసొచ్చింది. ఫిల్టర్ మెరిసిపోవాలని సిరామిక్ రింగులను కుళాయి కింద పెట్టి తోమాను. కుళాయి నీటిలో ఆ బ్యాక్టీరియాను చంపే క్లోరిన్ ఉంటుందన్న ఆలోచనే రాలేదు. తొట్టి అద్దంలా ఉంది. నాలుగో రోజు ఉదయం లైటు వేసేసరికి ఆరు టెట్రాలూ నీటి పైకి చేరి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. మొప్పల అంచులు ఎర్రబారాయి. అమ్మోనియా పరీక్ష గొట్టంలో పసుపు రంగు రావలసిన చోట ఆకుపచ్చ వచ్చింది, అంటే నీటిలో అమ్మోనియా ఉంది. రెండు చనిపోయాయి. మిగిలిన నాలుగింటిని రోజూ సగం నీరు మారుస్తూ కాపాడుకున్నాను. నీరు తేటగా ఉందంటే శుభ్రంగా ఉన్నట్టు అని ఎవరైనా అంటే నాకు ఆ ఉదయమే గుర్తొస్తుంది.

మీ నీటి పీహెచ్ చూసుకున్నారా? 7 నుంచి 8కి పెరిగితే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండే వాటా దాదాపు 10 రెట్లవుతుంది. ఏ ఫిల్టర్ అన్న ప్రశ్న కంటే ఇదే ముందు తేల్చుకోవలసినది.

పెట్టె మీద రాసిన అంకెల సంగతి కూడా చెబుతాను. గంటకు 600 లీటర్లు అని రాసిన హ్యాంగాన్ కింద లీటరు మగ్గు పట్టి చూశాను. నిండడానికి 12 సెకన్లు పట్టింది, అంటే గంటకు 300. మూడు వారాలు కడగకుండా ఉంచి మళ్లీ పట్టాను. 20 సెకన్లు, అంటే 180. లోపల మీడియా లేకుండా కొలిచిన అంకె చూసి మనం కొంటున్నాం. తొట్టి నీరు గంటకు నాలుగైదు సార్లు తిరగాలన్నది సాధారణంగా పాటించే లెక్క. దాన్ని పెట్టె మీది అంకెతో కాకుండా మగ్గుతో చూసుకోండి.

మీ చేపలకు స్పాంజ్ చాలు, హ్యాంగానూ చాలు. క్యానిస్టర్ అక్కర్లేదు. పద్నాలుగు చిన్న చేపలకు అంత మీడియా ఎందుకు? ఎంత మీడియా ఉన్నా వాటి వ్యర్థాన్ని మించి బ్యాక్టీరియా పెరగదు.

తేటనీరు:
మగ్గు లెక్క బాగుంది. నేనూ ఈ రోజే పట్టి చూశాను, 17 సెకన్లు. కడగాలి!

నీలిగప్పీ:
అందరికీ ధన్యవాదాలు. తొట్టి ఉండేది పడకగదిలో. ఎయిర్ పంపు గరగర రాత్రంతా వినడం అమ్మకు కష్టం, తనకు చిన్న శబ్దానికే మెలకువ వచ్చేస్తుంది. అందుకని హ్యాంగాన్ వైపే మొగ్గుతున్నాను. గప్పీ పిల్లలు లోపలికి పోకుండా నీరు లాగే గొట్టం చివర స్పాంజ్ తొడిగితే సరిపోతుందా?

పచ్చనాచు:
సరిపోతుంది. కానీ ఆ తొడుగు త్వరగా పూడిపోతుంది, వారానికోసారి పిండాలి. నీటిమట్టం తగ్గకుండా చూసుకోండి, తగ్గితే నీరు పడే చప్పుడు పంపు కంటే ఎక్కువే వినబడుతుంది. కరెంటు పోయి వచ్చాక కొన్ని రకాల హ్యాంగాన్‌లలో మోటారు నీరు అందక ఉత్తినే తిరుగుతుంది, దాన్నీ గమనించండి. నా ఓటు ఇప్పటికీ స్పాంజ్‌కే. కనీసం ఒకటి కొని, గాలి ఇవ్వకపోయినా సరే, హ్యాంగాన్ లోపలే ఒక మూల ఇరికించి ఉంచండి. ఎప్పుడైనా వేరే తొట్టి అవసరమైతే బ్యాక్టీరియా పట్టిన స్పాంజ్ సిద్ధంగా ఉంటుంది.

నీలిగప్పీ:
ఆ పని తప్పకుండా చేస్తాను. చేపలు ఎప్పుడు వదలవచ్చు?

పాతతొట్టి:
ఫిల్టర్ నడుస్తుండగా లీటరుకు 2 మిల్లీగ్రాముల మేర అమ్మోనియా కలపండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేవరకు ఒక్క చేపను కూడా వదలవద్దు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవారి తొట్టి నుంచి పిండని స్పాంజ్ ముక్క దొరికితే ఇంకా త్వరగా అవుతుంది, కానీ ఆ తొట్టిలో జబ్బు లేదని నిర్ధారించుకున్నాకే తెచ్చుకోండి. రెండూ సున్నాకు వచ్చాక నైట్రేట్ తగ్గేలా ఎక్కువ భాగం నీరు మార్చి, ముందు గప్పీలను వదలండి. కోరీలు రెండు వారాల తరువాత.