నెలల తరబడి షెడ్డులో ఉన్న గడ్డి ట్రాక్టర్ సెల్ఫు తీసుకోవడం లేదు – ఎలా స్టార్ట్ చేయాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. అనంతపురం శివారులోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో మైదానం నిర్వహణ బాధ్యత ఈ ఏడాది నాకు అప్పగించారు. గడ్డి కోయడానికి మా దగ్గర కూర్చుని నడిపే లాన్ ట్రాక్టర్ ఒకటి ఉంది. పెట్రోలు ఇంజను, బ్యాటరీ సెల్ఫు, అడుగున రెండు బ్లేడ్ల డెక్కు ఉన్న బండి. ఫిబ్రవరిలో గడ్డి ఎండిపోయాక దాన్ని రేకుల షెడ్డులో పెట్టి వదిలేశారట. ఇప్పుడు వానలు పడి గడ్డి మోకాలెత్తు లేచింది. నిన్న తాళం తిప్పితే లైటు వెలిగింది గాని, సెల్ఫు దగ్గర చిన్న చప్పుడైనా రాలేదు. సీటు కింది స్విచ్ వైర్లు రెండూ కలిపేస్తే సరిపోతుందని, లేదంటే స్టార్టర్ బోల్టులకు స్పానరు ఆనిస్తే ఇంజను లేస్తుందని, పొలం ట్రాక్టర్లకు తాము చేసేది అదేనని మా డ్రైవరు అంటున్నాడు. వాచ్‌మన్ పిల్లలు ఆ చుట్టుపక్కలే ఆడుకుంటూ ఉంటారు కాబట్టి నాకు ధైర్యం చాలడం లేదు. ముందుగా ఏమేమి చూసుకోవాలో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (కడప నుంచి, మెకానిక్)

లైటు వెలుగుతూ సెల్ఫు దగ్గర టక్కుమనే శబ్దం కూడా లేకపోతే నేను బ్యాటరీ కంటే ముందు భద్రతా స్విచ్‌ల వైపు చూస్తాను. ఈ బండ్లలో తాళం దగ్గరి కరెంటు సెల్ఫుకు చేరాలంటే బ్రేకు పెడల్ పూర్తిగా కిందికి తొక్కి ఉండాలి, బ్లేడు మీట లేదా బటను ఆఫ్‌లో ఉండాలి. సీటు కింద ఉండేది మూడో స్విచ్. కొన్ని మోడళ్లలో సీటు ఖాళీగా ఉన్నా సెల్ఫు తిరుగుతుంది గాని, బ్రేకు వదలగానే ఇంజను ఆగిపోతుంది. కాబట్టి సీటులో సరిగ్గా కూర్చుని, బ్లేడు ఆపి ఉందో లేదో చేత్తో తాకి చూసి, బ్రేకు చివరిదాకా తొక్కి తాళం తిప్పండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఫ్యూజు చూడండి. పెడల్ దగ్గరి స్విచ్ మీద పాత గడ్డి, మట్టి గట్టిపడి బటను పూర్తిగా నొక్కుకోకపోవడం మా దగ్గరికి వచ్చే బండ్లలో మామూలే.

స్పానరు సంగతి మాత్రం దయచేసి ఆలోచన కూడా పెట్టుకోకండి. బోల్టులను అలా కలిపినప్పుడు కరెంటు ఈ స్విచ్‌లన్నిటినీ తప్పించుకుని నేరుగా సెల్ఫుకు పోతుంది. బండి గేరులో ఉన్నా, బ్లేడు ఆన్‌లో ఉన్నా ఆపే దిక్కు ఉండదు. పొలం ట్రాక్టరును కింద నిలబడి ఇలా లేపేవాడు ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్యలో ఉంటాడు. గేరు పడి ఉంటే ఇంజను అందుకున్న మరుక్షణం వెనుక చక్రం అతని మీదికే వస్తుంది. ప్రాణాలు పోయిన ప్రమాదాలు ఇలాగే జరిగాయి. లాన్ ట్రాక్టర్ చక్రం చిన్నదే గాని, దాని పక్కన నిలబడినవాడి పాదం బ్లేడు డెక్కుకు జానెడు దూరంలో ఉంటుంది. సీటు వైర్లు కలిపినా అంతే సంగతి. గట్టు మీద బండి ఒరిగి డ్రైవరు కింద పడితే ఆగవలసిన బ్లేడు ఆగదు.

జవాబు (కర్నూలు నుంచి)

పై మిత్రులు కరెంటు గురించి చెప్పారు కాబట్టి నేను పెట్రోలు, ఆయిలు గురించి రాస్తాను. ఫిబ్రవరి నుంచి ట్యాంకులో నిలవ ఉన్న పెట్రోలుతో స్టార్ట్ చేయకండి. ఇప్పుడు మన బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాగుతుంది, నిలవ పెట్రోలు కార్బొరేటర్‌లో జిగురు కడుతుంది. పైగా చిన్న ఇంజన్ల తయారీదారులు చాలామంది 10 శాతం ఇథనాల్ వరకే అనుమతిస్తారు గనుక మీ బండి పుస్తకం ఏమంటుందో ఒకసారి చూడండి. పాత పెట్రోలును డబ్బాలోకి తీసేసి, నెల రోజుల్లో అయిపోయేంత మాత్రమే కొత్తది తెచ్చుకోండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, షెడ్డు బయట, క్యానును నేల మీద పెట్టి నింపుకున్న తర్వాతే ట్యాంకులో పోయండి. ఆటో ట్రాలీలో పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద క్యాను పెట్టి నింపితే నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది. మన ఎండలకు పెట్రోలు వ్యాకోచిస్తుంది కాబట్టి ట్యాంకు మూతిదాకా పోయకుండా అంగుళం ఖాళీ ఉంచండి.

ఆయిల్ మట్టం చూసేటప్పుడు బండి చదునైన నేల మీద ఉండాలి. ఎండలు గట్టిగా కాసే చోట ఎస్‌ఏఈ 30 ఆయిలు మేలు. 10డబ్ల్యూ-30 వాడితే వేడికి ఆయిలు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, మట్టం తరచూ చూసుకోవాలి.

ఇంకొక మాట. నెలల తరబడి షెడ్డులో ఉన్న బండి అన్నారు కాబట్టి ఇంజను పైకప్పు తీసి చూడకుండా తాళం ముట్టుకోకండి. చల్లదనానికి ఉండే రెక్కల మధ్య ఎలుకలు ఎండుగడ్డి, గుడ్డపీలికలు కూరి గూడు పెడతాయి. సైలెన్సరు వేడెక్కితే అదే అంటుకుంటుంది. వైర్లు కొరికారేమో కూడా అప్పుడే కనబడుతుంది. చేయి లోపల పెట్టే ముందు కట్టెతో తట్టండి, తేళ్లూ పాములూ అలాంటి చోటే చల్లగా పడుకుంటాయి. డెక్కు కింద చేయి పెట్టవలసి వస్తే ముందు తాళం తీసి, ప్లగ్గు వైరు ఊడదీసి పక్కకు పెట్టండి.

అనంతపురం మిత్రుడు మళ్లీ

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్లేడు మీట సగం పైకి లేచి ఉంది. దాన్ని పూర్తిగా కిందికి దించి, బ్రేకు తొక్కి తాళం తిప్పాక ఇప్పుడు టక్ టక్ అంటోంది గాని సెల్ఫు తిరగడం లేదు. రెక్కల మధ్య దోసెడు ఎండుగడ్డి దొరికింది. మా కారు బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వవచ్చా?

జవాబు (కడప నుంచి)

టక్ టక్ అంటే స్విచ్‌లు బాగున్నట్టే, ఇక బ్యాటరీ సంగతి చూడాలి. ముందు టెర్మినళ్ల మీద తెల్లగా పేరుకున్న పొడిని శుభ్రం చేయండి. విప్పేటప్పుడు నలుపు వైరు ముందు, బిగించేటప్పుడు అది చివర. మీటరులో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.4 కంటే తగ్గితే చార్జరు పెట్టండి. చార్జరు ఉంటే కారు జోలికి పోకపోవడమే మంచిది. తప్పనిసరైతే రెండూ 12 వోల్టులవేనని చూసుకుని, కారు ఇంజను ఆపి ఉంచి, ఎరుపుకు ఎరుపు కలిపి, నలుపు చివరి కొసను బ్యాటరీకి దూరంగా ఇంజను ఇనుముకు తగిలించండి. బ్యాటరీ నుంచి వచ్చే వాయువుకు నిప్పురవ్వ తగలకూడదు.

బండిని బయటికి నెట్టుకొచ్చాకే స్టార్ట్ చేయండి, ఎందుకంటే మూసిన షెడ్డులో పొగ ప్రాణాంతకం. చోకు లాగి, తాళం ఐదు సెకన్లకు మించి తిప్పకుండా వదిలి, ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఇంజను అందుకున్నాక చోకు మెల్లగా తీసి కొద్దిసేపు వేడెక్కనివ్వండి. బ్లేడు ఆన్ చేసి, బండి కదలకుండా సీటు మీద నుంచి కొంచెం పైకి లేవండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకపోతే ఆ రోజు గడ్డి కోయవద్దు, సీటు స్విచ్ మార్పించండి.

మీ గడ్డి మోకాలెత్తు ఉందన్నారు గనుక ముందు మైదానమంతా నడిచి రాళ్లు, బైండింగ్ వైరు ముక్కలు ఏరించండి. మన గరుసు నేలలో బ్లేడుకు తగిలిన రాయి తూటాలా దూసుకుపోతుంది. గడ్డి బయటికి వచ్చే వైపు రేకును పైకి కట్టేయకుండా, డెక్కు ఎత్తు పెంచి మొదటిసారి పైపైన కోసి, రెండోసారి కిందికి దించండి. వాచ్‌మన్ పిల్లలను ఆ రెండు విడతలు పూర్తయ్యేదాకా ఇంటి లోపల ఉంచమని చెప్పండి.