ఉదయగిరి చెక్క చెంచాలు: రౌటర్‌తో ఎంతవరకు కోయాలి, ఉలికి ఎంత వదలాలి?

కావలి_రౌటర్ (ప్రశ్న):

అందరికీ నమస్తే. ఉదయగిరి వైపు చెక్క చెంచాలు, ఫోర్కులు చేసే ఒక మహిళా బృందం ముతక పని మిషన్ మీద చేసి ఇమ్మని అడుగుతోంది. దిద్దడం, కాడ మీద గళ్లుగా కోసే జాలీ, చెక్కుడు అంతా వాళ్లదే. మా వర్క్‌షాపులో ఉన్నది 3 యాక్సిస్ రౌటర్ (కంప్యూటర్ ఫైలు ప్రకారం మూడు దిక్కుల్లో కదులుతూ చెక్క కోసే మిషన్), 4×8 అడుగుల బెడ్, బిట్టును తిప్పే 3 కిలోవాట్ స్పిండిల్. గీసిన చెంచా కొలతలు: పొడవు 200 మి.మీ., గుంట లోతు 14, మెడ దగ్గర మందం 9, వెడల్పు 11. కాడ నుంచి గుంటకు కాస్త కిందికి వంపు ఉంది.

అడవి చెక్క పాడుచేయడం ఎందుకని ముందు సుబాబుల్ మీద కోసి చూశాం. మూడు ఇబ్బందులు వచ్చాయి. గుంట లోపల కొన్నిచోట్ల నార (చెక్క పోగులు) లేచిపోతోంది. ముక్క తిప్పి వెనకవైపు కోశాక అంచు చుట్టూ అర మిల్లీ మెట్టు పడుతోంది. వారం తిరిగేసరికి కొన్ని గుంటలు మెలితిరిగాయి, కొన్ని మెడ దగ్గర ఊరికే విరిగాయి.

ఎంత మందం వదిలి ఇవ్వాలి? లేక పూర్తిగా మిషన్ మీదే తీసేస్తే మేలా? కొనేవాళ్లు అన్నీ ఒకే అచ్చులో ఉండాలంటున్నారు.

ఉలి_ఆకురాయి:

మెలితిరగడం, విరగడం మిషన్ తప్పులు కాదన్నా. చెక్క ఎంచుకోవడంలోనే పోయింది.

ముందు మెడ సంగతి. చేత్తో చేసేవాళ్లు కొమ్మను రంపంతో కోయరు, గొడ్డలితో నార వెంట చీలుస్తారు. చీలిక నార ఎటు పోతే అటే పోతుంది కాబట్టి కాడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నార తెగకుండా ఉంటుంది. పలక కోసి ఫైలు పెడితే రౌటర్‌కు నారతో పనిలేదు, గీత ఉన్నచోటే కోస్తుంది. నార వాలు 10కి 1 (10 మి.మీ. పొడవుకు 1 మి.మీ. పక్కకు) ఉంటే వంపు తట్టుకునే బలం నిటారు నారతో పోలిస్తే 81 శాతానికి, 5కి 1 ఉంటే 55 శాతానికి పడిపోతుంది. దెబ్బ తట్టుకునే శక్తి ఇంకా ఘోరం, 5కి 1 దగ్గర మూడో వంతు మిగులుతుంది. మీ బొమ్మలో మెడ 60 మి.మీ. పొడవులో 15 మి.మీ. దిగుతోందనుకోండి, అది 4కి 1. నిటారు నార పలకలోంచి ఆ వంపు కోస్తే మెడలో అడ్డనారే మిగులుతుంది. విరగక ఏం చేస్తుంది?

వంపు చెంచాకు వంకర కొమ్మే కావాలి. ఉదయగిరి కొండల్లో దొరికే బిక్కి, దేవదారి కొమ్మలు సన్నగా, వంకరగా ఉంటాయి. పలకలు కోసేవాడికి అది చిక్కు, చెంచా చేసేవాళ్లకు వరం. కాబట్టి మిషన్‌కు నిటారు కాడ నమూనాలు మాత్రమే తీసుకోండి. దిగుడు 60 మి.మీ.కి 4 మించనివ్వకండి. వంపువి వాళ్లకే వదిలేయండి.

రెండోది తేమ. కోసిన కొమ్మలో గుండె గీత (కొమ్మ నడిమధ్య గీత) ముక్క లోపల ఉండకూడదు. ఉంటే ఎంత మెల్లగా ఆరబెట్టినా పగులు ఖాయం, ఎందుకంటే చెక్క చుట్టుకొలత వైపు కుంచించుకునేది వ్యాసం వైపు కంటే దాదాపు రెండింతలు. కొమ్మను గుండె మీదుగా రెండుగా చీల్చి, గుండె వైపు 5 మి.మీ. చెక్కేసి, రెండు కొసలకూ మైనం పూసి నీడలో పేర్చండి. ముక్కల మధ్య గాలి ఆడాలి. వారానికోసారి తూకం వేయండి. వరసగా రెండు వారాలు బరువులో మార్పు 1 శాతం లోపు ఉంటే ఆరినట్టే. నమ్మకం లేకపోతే చిన్న ముక్క తూచి 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడయ్యేదాకా పెట్టండి. 20 గ్రాములది 17.5కి వచ్చిందంటే తేమ 14.3 శాతం. మన కోస్తాలో నీడన ఆరే చెక్క ఆ చుట్టుపక్కలే ఆగుతుంది. హైదరాబాద్ ఏసీ షోరూమ్‌కు పోతే ఇంకా ఆరి 9, 10కి దిగుతుంది, అప్పుడు గుంట కొద్దిగా ముడుచుకుంటుంది. అది తప్పదు, అంచు మరీ పలచన చేయకపోతే కనపడదు.

అంతా ఒకే అచ్చులో కావాలనేవాళ్లకు స్టీలు చెంచాలు ఉండనే ఉన్నాయి కదా.

ఒంగోలు_టూల్‌పాత్:

మిషన్ వైపు నేను చెప్తా. అంచు దగ్గర మెట్టు మీ జీరో (మిషన్ కొలత మొదలుపెట్టే చోటు) తప్పు. ముక్క పక్క అంచును పట్టుకుని ఎక్స్, వై పెడుతున్నారు, తిప్పాక అదే అంచు అవతలికి పోతుంది. అక్షం పావు మిల్లీ పక్కకుంటే తిప్పాక అర మిల్లీ అవుతుంది, మీకు వచ్చింది సరిగ్గా అంతే. చెంచా బయట, తిప్పే అక్షం మీద, ముందొకటి వెనకొకటి 6 మి.మీ. బెజ్జాలు మిషన్‌తోనే వేయండి. అవి కింద స్పాయిల్‌బోర్డులోకి (బెడ్ మీద ముక్క కింద పరిచే పలకలోకి) కూడా 10 మి.మీ. దిగాలి. స్టీలు పిన్నులు గుచ్చి ముక్క తిప్పితే మెట్టు పోతుంది. జెడ్ జీరో, అంటే ఎత్తు కొలత, రెండుసార్లూ స్పాయిల్‌బోర్డు మీదనుంచే తీయండి. ముక్క పైముఖం నుంచి తీస్తే పలక మందంలో ఉన్న తేడా అంతా మెడ మందంలోకి వస్తుంది.

నార లేవడం గురించి. మీరు పొడవునా అటూ ఇటూ రాస్టర్ పెట్టి ఉంటారు. గుంటలో అంచు నుంచి అడుగుకు దిగేటప్పుడు నార పడుకుంటుంది, అడుగు దాటి ఎక్కేటప్పుడు లేస్తుంది. అంటే ప్రతి గీతలో సగం ఎదురునారే. రాస్టర్ వదిలేసి అంచు నుంచి లోపలికి చుట్టు తిరిగే పాత్ పెట్టండి. గుంట లోపల అపసవ్యంగా, అంటే క్లైంబ్‌లో పోవాలి. అప్పటికీ గుంటను నాలుగు భాగాలు చేస్తే ఎదురెదురుగా ఉండే రెండు భాగాల్లో కొద్దిగా లేస్తుంది. అక్కడే ఉలికి పని.

బాల్‌నోస్ (గుండ్రటి కొస బిట్టు) కొస మధ్యలో పళ్ల వేగం సున్నా. అడుగున అది కోయదు, రాస్తుంది. దేవదారి లాంటి గట్టి చెక్కలో నల్లమచ్చ పడేది అందుకే. 18,000 ఆర్‌పీఎం, 2 పళ్ల బిట్టు అయితే ఫీడ్ (బిట్టు ముందుకు జరిగే వేగం) నిమిషానికి 2.5 మీటర్లు పెట్టండి, పంటికి 0.07 మి.మీ. వస్తుంది. భయపడి ఫీడ్ తగ్గించేవాళ్లే ఎక్కువగా చెక్క కాలుస్తారు.

ఇక ఫినిషింగ్ మీద మిషన్ టైమ్ తగలేయకండి. స్టెప్‌ఓవర్ అంటే పక్కపక్క గీతల మధ్య దూరం. గీతల మధ్య మిగిలే గట్టు ఎత్తు = స్టెప్‌ఓవర్ వర్గం ÷ (8 × బిట్టు వ్యాసార్ధం). 6 మి.మీ. బాల్‌నోస్‌తో 0.3 స్టెప్‌ఓవర్ అంటే గట్టు 0.004 మి.మీ., 1 మి.మీ. అంటే 0.04. అద్దంలా వస్తుందని 0.3 పెడితే టైమ్ మూడింతలు పైనే. ఆ 0.04ని గీకుడు బ్లేడు నాలుగు పట్లలో తీసేస్తుంది. 12 మి.మీ. బాల్‌నోస్, 1.2 స్టెప్‌ఓవర్ అయితే గట్టు 0.03, పని ఇంకా త్వరగా అవుతుంది. మీ గుంటకు అది సరిపోతుంది.

ఎంత వదలాలంటే: గుంట లోపల 1 మి.మీ., వెనక 1.5, మెడ చుట్టూ 1.5, కాడ మీద అర చాలు. ముక్క ఊడకుండా కోయకుండా వదిలే ట్యాబులు కాడ చివర, గుంట ముక్కు దగ్గర 4 మి.మీ. మందంతో పెట్టండి. మెడ పక్కన వద్దే వద్దు, తెంపేటప్పుడు మెడ నార కూడా లేస్తుంది.

ఉలి_ఆకురాయి:

మెడ చుట్టూ 1.5 కంటే తగ్గనివ్వకండి, అంటే 12 మందం, 14 వెడల్పు ఇవ్వండి. వాళ్లు చేత్తో నార చూసుకుని ఎటు తీయాలో అటు తీస్తారు. బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. 9ని 8 చేస్తే మెడ బలంలో 21 శాతం పోతుంది. ఆ ఒక్క మిల్లీ ఎక్కడ తీయాలనేది ఫైలుకు తెలియదు, ముక్కను వెలుగులో తిప్పి చూసేవాళ్లకే తెలుస్తుంది.

వింజమూరు_బ్యాండ్‌సా:

200 ముక్కల లోపు ఆర్డరుకు ఈ గొడవంతా దేనికి సామీ? చీల్చిన కొమ్మ ముక్కను రౌటర్ బెడ్ మీద పట్టడమే ఒక పని, కనీసం ఒక ముఖం చిత్రిక పట్టాల. బ్యాండ్‌సా మీద ఎట్టా చేయాలో చెప్తా. పక్కబొమ్మ, పైబొమ్మ రెండూ అట్ట మీద కోసి పెట్టుకోండి. ముందు పక్కబొమ్మ గీసి కోయండి. తీసేసిన ముక్కలు పారేయకుండా మళ్లీ అదేచోట టేపు చుట్టి, పైబొమ్మ గీసి కోయండి. విప్పితే చెంచా ఆకారం వచ్చేస్తుంది. 6 మి.మీ. బ్లేడు 16 మి.మీ. వ్యాసార్ధం దాకా తిరుగుతుంది, 10 మి.మీ. బ్లేడు అయితే 36 కావాల, గుంట ముక్కు తిరగదు. వంకర కొమ్మకు బొమ్మను కొమ్మ వెంటే జరిపి గీసుకోవచ్చు, రౌటర్‌లో అది కుదరదు. గుంట మాత్రం వంపు ఉలితోనే, అంచుల నుంచి అడుక్కు. కాడ తొలవకముందే, ముక్క లావుగా ఉన్నప్పుడే గుంట తీయాల, లేకపోతే ఉలి దెబ్బకు మెడ అదురుతుంది.

కావలి_రౌటర్:

అన్నలకు ధన్యవాదాలు. బ్యాండ్‌సా కూడా ఉంది, 12 అంగుళాలది. ఇంకో మూడు సంగతులు. జాలీ మిషన్ మీద కోసిస్తే వాళ్లకు టైమ్ మిగలదా? నూనె ఏది పూయమని చెప్పాలి? డబ్బా మీద ఉదయగిరి జీఐ (భౌగోళిక గుర్తింపు) అని వేస్తే తప్పవుతుందా?

ఉలి_ఆకురాయి:

జాలీ మీరు ముట్టుకోవద్దు. 3 మి.మీ. బిట్టుతో కోస్తే లోపలి మూలలన్నీ 1.5 మి.మీ. గుండ్రంగా మిగులుతాయి, చూడగానే మిషన్ పని అని తెలిసిపోతుంది. వాటిని ఆకురాయితో మూలగా చేయడానికి పట్టే టైమ్‌లో సన్నరంపంతో మొత్తం జాలీ కోసేయొచ్చు. 2 మి.మీ. బిట్టు పెడితే మందంలో ఎక్కడో ఒకచోట విరుగుతుంది. గళ్ల మధ్యలో రంపం దూర్చడానికి 2 మి.మీ. బెజ్జాలు మాత్రం వేసివ్వండి, వరస తప్పకుండా వస్తాయి, అదే పెద్ద సాయం. నార వెంట పోయే పట్టీ 2 మి.మీ. ఉన్నా నిలుస్తుంది. అడ్డంగా పోయేది 3 కంటే తక్కువుంటే చేతిలోనే రాలుతుంది. అందుకే గళ్లు 45 డిగ్రీలు కాకుండా కాడ పొడవుకు 30 డిగ్రీల్లో సాగదీసి గీస్తే బలం.

నూనె సంగతి: వేరుశనగ, నువ్వుల నూనె వద్దు, అవి సరిగ్గా గట్టిపడవు, నాలుగు నెలలకు కంపు. పచ్చి అవిసె నూనె పూయండి. "బాయిల్డ్" అని రాసున్న పెయింట్ షాపు డబ్బాలో లోహపు డ్రయర్లు కలుపుతారు, తిండి వస్తువుకు పనికిరాదు. ముందు చెంచాను తడిపి ఆరనిచ్చి, లేచిన నూగును 320 నంబరు ఉప్పు కాగితంతో రుద్దేయండి. ఇది చేయకపోతే మొదటిసారి పప్పులో పెట్టగానే గరుకెక్కి సరుకు వెనక్కి వస్తుంది. పలచగా మూడు పూతలు, ఒక్కోసారి పూశాక పావుగంటకు తుడిచి, మధ్యలో ఒక రోజు గ్యాప్. నూనె గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆర్డరు తేదీ అందుకు తగ్గట్టు ఒప్పుకోండి. నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా మూలకు విసిరేయొద్దు, తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి.

ఒంగోలు_టూల్‌పాత్:

జీఐ ట్యాగ్ వాడుకునే హక్కు అధీకృత వాడుకరిగా నమోదైనవాళ్లకే ఉంటుంది, కోసిచ్చే వర్క్‌షాపుకు కాదు. చెన్నై జీఐ రిజిస్ట్రీ సైటులో నమోదు పత్రం దొరుకుతుంది. అందులో తయారీ పద్ధతి, ప్రాంతం రెండూ రాసి ఉంటాయి. బృందం వాళ్లతో కూర్చుని అది చదివాకే డబ్బా మీద ఏం వేయాలో తేల్చుకోండి. గుంట రౌటర్ తీసి, "పూర్తిగా చేతిపని" అని అచ్చు వేస్తే మాత్రం అది అబద్ధమే, ట్యాగ్ ఉన్నా లేకున్నా. "మిషన్ మీద కోసి చేత్తో చెక్కినది" అని వేసి, పూర్తి చేతిపని సరుకును వేరే డబ్బాలో వేరే ధరకు పెట్టమనండి.

ఈ పంచాయితీ కొత్తదేం కాదు. ఒక నమూనాను తడుముతూ అదే వంకర ఆకారాన్ని చెక్కలో కోసే లేత్‌ను అమెరికాలో థామస్ బ్లాంచార్డ్ 1819లో పేటెంట్ చేశాడు, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో తుపాకీ మడమ చెక్కల కోసం. ఇప్పటికీ అక్కడ గొట్టం ముందు నుంచి మందు కూరే పాతకాలపు తుపాకులను కిట్లుగా అమ్ముతారు. మడమ చెక్క ముతక ఆకారం మిషన్‌ది, లోహం చెక్కలో అతికే చోట బిగుతుగా వదిలేస్తారు. కొన్నవాడు లోహానికి మసి పూసి నొక్కి, చెక్క మీద నల్లగా అంటినచోటే ఉలితో తీస్తాడు. మీకు పనికొచ్చేది ఆ మసి కిటుకు. మీరిచ్చే ప్రతి ముక్క మీద గీకకముందే మెత్తటి పెన్సిల్‌తో అంతటా గీతలు గీయమనండి. గీకుడు బ్లేడు పట్టాక పెన్సిల్ గీత ఎక్కడ మిగిలిందో అక్కడ రౌటర్ గుంత ఇంకా ఉన్నట్టు.

వింజమూరు_బ్యాండ్‌సా:

గుంట లోపల పెన్సిల్ కంటే బొగ్గు మేలు సామీ, తడిగుడ్డతో పోతుంది. పెన్సిల్ గీత నార సందుల్లో దిగితే అవిసె నూనె పడ్డాక బూడిద రంగు చారలు తేలతాయి, అప్పుడు మళ్లీ ఉలి పట్టాల్సిందే.