చదరంగంలో నల్లపావులతో ఈ5 ఆడితే ఎఫ్7 మీద దాడి: ఎలా ఆపాలి?

మహబూబ్‌నగర్ నుంచి ప్రశ్న:
మా అమ్మాయి ఏడో తరగతి. నల్లపావులు వస్తే చాలు, ఒకే రకంగా ఓడిపోతోంది. తెల్లవాళ్లు బంటును ఈ4కు, తను ఈ5కు తోస్తారు (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస). ఇటు అటు ఒక్కో గుర్రం దిగుతుంది. తెల్లశకటు సీ4కు రాగానే తను రెండో గుర్రాన్ని ఎఫ్6కు తెస్తుంది. వెంటనే తెల్లగుర్రం జీ5కు దూకి ఎఫ్7 బంటుకు గురిపెడుతుంది. ఈ5 మాన్పించి సిసిలియన్ (ఈ4కు జవాబుగా బంటును సీ5కు తోసే ఆరంభం) నేర్పమని ఒకరు అన్నారు. వచ్చే నెలలో నల్లగొండలో పోటీ ఉంది.

నల్లగొండ:
పోటీ ముందు ఓపెనింగ్ (ఆట ఆరంభ ఎత్తుల వరుస) మార్చకండి సార్. గుర్రం జీ5కు వచ్చాక బంటును డీ5కు ఆడుతోందా? మంచిదే. తెల్లబంటు దాన్ని కొట్టాక గుర్రంతో తిరిగి కొడుతోందేమో చూడండి, కొంప మునిగేది అక్కడే. తెల్లగుర్రం ఎఫ్7లో బలి అవుతుంది, రాజు దాన్ని కొట్టక తప్పదు. మంత్రి ఎఫ్3కు వచ్చి చెక్ ఇస్తూనే డీ5 గుర్రం మీదా కన్నేస్తుంది. దాన్ని కాపాడాలంటే రాజు ఈ6కు, బోర్డు నడిమధ్యకు రావాలి. రోమ్‌లో 1610 ప్రాంతంలోనే ఆడిన ఎత్తుగడ ఇది, ఇప్పటికీ పిల్లలు పడుతూనే ఉన్నారు.

కొట్టకుండా సీ6 గుర్రాన్ని ఏ5కు పంపమనండి. శకటుకు ప్రమాదం కాబట్టి అది బీ5 నుంచి చెక్ ఇస్తుంది. బంటును సీ6కు అడ్డం పెట్టడం, బంట్ల మార్పిడి, తర్వాత శకటు వెనక్కి తగ్గితే బంటును హెచ్6కు తోసి గుర్రాన్నీ తరమొచ్చు. ఒక బంటు నష్టం, నిజమే. బదులుగా నల్లపావులన్నీ చకచకా బయటికొస్తాయి. బంటు పోయిందని పిల్ల బిక్కమొహం వేయకుండా చూసుకోవడం మీ వంతు.

సూర్యాపేట:
డీ5 ఎందుకు, శకటును సీ5కు తెచ్చి ఎఫ్7ను వదిలేస్తే ఎదురుదాడి అదిరిపోతుంది అన్నా!

నల్లగొండ:
అదిరేది నిజమే, కానీ వరుస మొత్తం కంఠతా రావాలి. ఏడో తరగతి పిల్లకు వద్దు.

వనపర్తి:
అసలు గుర్రానికి ముందే శకటును సీ5కు తెస్తే? ఈ5 ఆడాక డీ8లోని మంత్రికి జీ5 దాకా దారి తెరిచే ఉంటుంది. అప్పుడు గుర్రం అక్కడికొస్తే ఊరికే దొరుకుతుంది.

మహబూబ్‌నగర్:
ఆ తర్వాత ఎఫ్6కు గుర్రం తెస్తే మంత్రి దారి మూసుకుపోతుంది కదా?

వనపర్తి:
మూసుకుంటుంది. అప్పుడు గుర్రం జీ5కు వస్తే క్యాస్లింగ్ (రాజును రెండు గడులు ఏనుగు వైపు జరిపి, ఏనుగును రాజుకు అవతలి పక్కన పెట్టడం) చేసేయమనండి. ఎఫ్7కు రాజూ ఏనుగూ కాపలా. గుర్రం, శకటు రెండూ ఇచ్చి ఏనుగునూ బంటునూ తీసుకోవడం ఆట మొదట్లో తెల్లవాళ్లకు గిట్టుబాటు కాదు.