లిఫ్ట్ చేసిన జీపుకి డ్రాగ్ లింక్: రాడ్ ఎండ్లా, టై రాడ్ ఎండ్లా?

జీపు_పిచ్చి: ముందు లీఫ్ స్ప్రింగులున్న పాత జీపు, 75 మి.మీ. లిఫ్ట్ (బాడీని ఆక్సిల్ పైన అంత ఎత్తు లేపించాను). డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు కదలికని చక్రానికి చేర్చే రాడ్) అడ్డంగా ఉంటుంది, పొడవు 800 మి.మీ. ఇదివరకు దాదాపు సమంగా ఉండేది, ఇప్పుడు వాలింది. గుంత తగిలితే బండి పక్కకి లాగుతోంది. రాడ్ ఎండ్లతో (బోల్టు దూరే బాల్ ఉన్న జాయింట్లు) కొత్త లింక్ చేయిస్తే పోతుందా?

బెంచ్‌వైస్: పోదు. జాయింటు మారిస్తే వాలు మారదు కదా. లెక్క చూడండి. లింక్ సమంగా ఉన్నప్పుడు ఆక్సిల్ 50 మి.మీ. దిగితే దాని అడ్డు కొలత 1.6 మి.మీ. తగ్గుతుంది. ముందే 75 వాలి ఉన్నదైతే 6.3 తగ్గుతుంది. స్టీరింగ్ ఆర్మ్ 150 మి.మీ. అనుకుంటే, స్టీరింగ్ ముట్టుకోకుండానే చక్రం 2.4 డిగ్రీలు తిరిగినట్టు. డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు దగ్గర లింక్‌ని కదిపే ఆర్మ్, కిందికి దిగి ఉండేది) వేయండి, లేదా నకిల్ (చక్రంతోపాటు తిరిగే ముక్క) పైనుంచి లింక్ పట్టేలా హై స్టీర్ ఆర్మ్ చేయించండి.

లేత్_మనిషి: డ్రాప్ ఆర్మ్‌కి నేను ఒప్పుకోను. లింక్ ఎంత కిందికి దిగితే సెక్టార్ షాఫ్ట్‌ని (ఆ ఆర్మ్‌ని తిప్పే స్టీరింగ్ బాక్సు షాఫ్ట్) అంత వంచుతుంది, బేరింగూ సీలూ తొందరగా పోతాయి. హై స్టీరే సరి. ఇక రాడ్ ఎండ్లని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది. బిగించడం చేతకాక విరుగుతాయి. బోల్టుని ఒకవైపే పట్టి వేలాడదీస్తే వంగక ఏం చేస్తుంది? రెండు వైపులా ప్లేట్లుండాలి. ఒకవైపు ప్లేటు తప్పనిసరైతే, బాల్ ఊడినా రాడ్ జారిపోకుండా బోల్టు తల కింద వెడల్పాటి వాషర్ వేయాలి.

బెంచ్‌వైస్: అన్నా, ప్లేట్లు సరే, దుమ్ముకేం చేస్తారు? రాడ్ ఎండ్‌కి రబ్బరు బూటు ఉండదు. మన మట్టిరోడ్ల మీద లైనర్ అరిగి టక్ టక్ మొదలవుతుంది. రోజూ తిరిగే బండికి టేపర్ పిన్నూ రబ్బరు బూటూ ఉన్న బాల్ జాయింటు, అంటే టై రాడ్ ఎండే. ఆర్మ్ రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేయకండి, పిన్ను టేపరుకి సరిపోయే రీమర్‌తోనే చెక్కాలి. స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే నట్టు ఇంకాస్త బిగించాలి, వదులు చేయకూడదు.

లేత్_మనిషి: రేస్ ట్రాక్ బండికి నా మాట, రోడ్డు బండికి మీ మాట. రాడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 25 మి.మీ. గట్టి రాడ్, 32 మి.మీ. బయటి కొలతతో 6 మి.మీ. మందమున్న సీమ్‌లెస్ ట్యూబు: రెండిటి బరువూ ఒకటే. కానీ వంగకుండా ఆగడంలో ట్యూబు 2.3 రెట్లు. లోపలి 20ని 20.5కి తీసి 22×1.5 (22 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్) మర వేయండి, ఒక చివర ఎడమ మర, రెండో చివర కుడి మర. కనీసం 33 మి.మీ. మర లోపలికి దిగాలి, ఆపైన లాక్ నట్టు. వెల్డింగ్ అవసరమే ఉండదు.

జీపు_పిచ్చి: పాత రాడ్‌నే కోసి అతికిద్దామని ఒక మెకానిక్ అన్నాడు.

బెంచ్‌వైస్: ఆ పని మాత్రం వద్దు. ఫోర్జింగ్ ముక్క మీద అతుకు వేస్తే అంచున పగులు పుడుతుంది, పైకి కనబడదు. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పులు అనుమతి లేకుండా రోడ్డు మీద చెల్లవు.

లేత్_మనిషి: బిగించేముందు పరీక్ష చేయండి. స్ప్రింగుల్లో మెయిన్ లీఫ్ మాత్రం ఉంచి, స్టీరింగ్ కట్టేసి, జాక్‌తో ఆక్సిల్‌ని 10 మి.మీ. చొప్పున లేపుతూ దించుతూ, డ్రమ్ముకి కట్టిన బద్ద చివర ఎక్కడుందో, ఎదురుగా కదలకుండా నిలబెట్టిన అట్ట మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టండి. గుర్తులు నిలువుగా వస్తే సరే. పక్కకి జరుగుతుంటే ఆర్మ్ ఎత్తు ఇంకా కుదరలేదు.