'డెలిబరేట్ స్పీడ్'కి తెలుగు?

అనువాదాల బల్ల: అమెరికా సుప్రీంకోర్టు 1955 మే 31న బడుల్లో జాతివేర్పాటు తొలగించాలంటూ ఇచ్చిన బ్రౌన్ కేసు ఉత్తర్వును తెలుగు చేస్తున్నా. 'విత్ ఆల్ డెలిబరేట్ స్పీడ్' దగ్గర ఆగిపోయాను. 'త్వరితగతిన' అంటే సగమే వస్తోంది, ఆలోచించి అడుగేయడం అనే సగం రావట్లేదు. సుమతీ శతకంలో 'వేగపడక విచారింపదగున్' అని ఉంది కదా, ఆ ధోరణిలో ఏదైనా మాట చెప్తారా?

కందం పిచ్చి: 'వివరింపదగున్' అండీ. 'విచారిం' అంటే ఒక మాత్ర ఎక్కువై గణం చెడుతుంది.

త్రాసు: 'ఆచితూచి వేగంగా' పెట్టేయండి. డెలిబరేట్‌లో ఉన్నదీ లాటిన్ త్రాసే, 'లిబ్రా'. మనమూ తూచే మాట్లాడతాం.

తాత్సారం: ఏం తూచారు లెండి! 1954లో వేరు బడులు చెల్లవని తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. నల్లపిల్లల తరఫు లాయరు థర్గుడ్ మార్షల్ గడువు పెట్టమంటే, ఏడాది తర్వాత ఈ మాట పెట్టారు. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే నల్లపిల్లల్ని కలుపుకోలేక 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. 1964 దాకా తెరవలేదు. 'తీరుబడి వేగం' అని రాసుకోండి.

అనువాదాల బల్ల: ఉత్తర్వులో ఎగతాళి కుదరదుగా. పైగా 1964లో ఆ కౌంటీ కేసులోనే జస్టిస్ బ్లాక్ ఈ మాటే ఎత్తి, దానికి కాలం చెల్లిందన్నాడు. రెండుచోట్లా అతకాలి.

త్రాసు: తాత్సారం గారూ, మాట పుట్టుకలో జాప్యం లేదు. 1911లోనే జస్టిస్ హోమ్స్ వాడాడు. అంతకుముందే ఫ్రాన్సిస్ థాంప్సన్ కవితలో ఉంది. అక్కడ దేవుడు మనిషిని తొందరపడకుండా, వదలకుండా వెంటాడతాడు. వదలకపోవడమే అసలు అర్థం.

తాత్సారం: మన పోతన దేవుడు అలా కాదు. 'సిరికిం జెప్పడు', పరుగే! గరుత్మంతుణ్ణి 'మన్నింపడు' కూడా.

కందం పిచ్చి: 'పన్నింపడు'. సిద్ధం చేయించడని. పాదం 'పరివారంబు'తో మొదలైంది, పద్నాలుగో అక్షరం దగ్గర 'ప'కి యతి ఎవరిస్తారు? 'అభ్రగపతిం బన్నింపడు' అంటేనే కుదురుతుంది.

తాత్సారం: మా బడిలో 'మన్నింపడు' అనే వల్లె వేయించారు. వినడానికి అదే బాగుంటుంది.

కందం పిచ్చి: బాగుండటం వేరు, యతి వేరు.

అనువాదాల బల్ల: 'ఆచితూచి'కి ఇంకెవరైనా ఓటేస్తారా? ఇవాళ పంపాలి.

త్రాసు: పోతన యతి సంగతి విడిగా పోస్టు పెడతా, అందరూ అక్కడికి రండి.