‘సౌ గై’లో ఊడ్చేది ఏమిటి?

హాంకాంగ్‌లో పనిచేసిన రోజుల్లో, ఆఫీసు అవగానే మావాళ్లు అక్కడి కాంటనీస్ భాషలో “సౌ గై” అంటూ మోంగ్‌కాక్ పేటకు లాక్కెళ్లేవారు. చేపుండలు పుల్లకు గుచ్చుకుని, కొట్టుకొట్టుకీ ఆగి చిరుతిళ్లు తినడం. మాటకు మాట ‘వీధి ఊడ్చడం’. పలకాల్సింది గైయా, గాయా?

— గాయ్. దీర్ఘమే. ‘గయ్’ అని కురచగా అంటే కోడి.

— దీర్ఘం సరే మేష్టారూ, ‘సౌ’ సంగతో? అది ‘సోఉ’. ‘సౌ’ అంటే బక్కచిక్కడం. స్వరం కూడా కాంటనీస్‌కున్న ఆరింటిలో మూడోది, ఎత్తకుండా దించకుండా. పైకి లేపారో, వదిన అవుతుంది!

— వదినా? ఇన్నేళ్లూ నేను ఏమన్నానో ఏమో.

— మనమూ ‘కంచం ఊడ్చేశాడు’ అంటాం కదా. అదే ఇది.

— కాదండీ, వాళ్లు ఊడ్చేది కంచాన్ని కాదు. షాపుల్లో ఎగబడి సరుకు కొనడాన్ని ‘సోఉ ఫో’ అంటారు. అందులోంచే వచ్చిందని నా నమ్మకం.

— నమ్మకమే, రుజువేదీ? తైవాన్‌లో అభ్యర్థులు వీధుల వెంట ఓట్లడగడానికీ ఈ రెండక్షరాలే. అక్కడ కొనేదేముంది? (ఎవరూ ఏమీ అనకండి.) చీపురు ఈ చివర నుంచి ఆ చివరకు ఏదీ వదలదు. చేపుండలు, సియూమాయ్ అనే ఆవిరి కుడుములు, గుడ్డు వాఫిల్, వరసగా. ఊడ్పు నడకలో ఉంది, తిండిలో కాదు.

— కాంటనీస్ తిండి అన్నాక చైనా కవి సూ షీని తలవకపోతే ఎలా? 1094లో దక్షిణ చైనాలో అటువైపు ప్రవాసం పంపితే, రోజుకు మూడు వందల లిచీలు దొరికితే ఇక్కడివాడిగానే ఉండిపోతానన్నాడు మహానుభావుడు. అసలు అక్కడివాళ్లు అన్నది ‘ఒక్క ముద్ద లిచీకి మూడు మంటలు’ అనీ, ఈయన తప్పుగా విన్నాడనీ కథ. మంట అన్న మాట, కాయల్ని లెక్కపెట్టే మాట రెండూ వాళ్లకు ‘ఫో’నే, స్వరమూ ఒకటే.

— కట్టుకథ. అతిశయోక్తి చెప్పడానికి ఆయనకు చెవుడు రావాలా?

— కథైనా బాగుంది. మామిడిపళ్లు వేడి చేస్తాయని మా అమ్మమ్మ చెప్పిందీ అదే. ‘సోఉ ఫో’లో ఫో కూడా ఇదేనా?

— కాదు. అది సరుకు. మూడో స్వరం.

— మరి పైకి లేపితే?

— నేను అడిగింది గాయ్ గురించండీ...